క్యారేజీ మీద కొట్టించిన పేరు

ఇవాళ పొద్దున ఇంటికి సున్నం వేయిద్దామని అటక మీది సామానంతా కిందికి దింపించాను. నా చేతులు పైకి లేవవు కాబట్టి నా మనవరాలు షారోను నిచ్చెనెక్కి ఒక్కొక్కటే అందించింది. చిల్లులుపడ్డ జల్లెడ, నా పెళ్ళినాటి రేకు పెట్టె, మా అత్త వాడిన ఇత్తడి చెంబు, అన్నిటికన్నా వెనక గోనెగుడ్డలో చుట్టిన మూడు గిన్నెల స్టీలు క్యారేజీ. పిల్ల దాన్ని ఓణీ కొంగుతో తుడిచి, మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు చదివి నిచ్చెన మీదే ఆగిపోయింది.

"అమ్మమ్మా, దీని మీద డాక్టర్ బి. సువార్త అనుంది. మా అమ్మ డాక్టర్ ఎప్పుడయింది?"

"కాలేదే."

"మరి?"

"ముందే కొట్టించా."

అది పడీపడీ నవ్వింది. నవ్వినదాన్ని కిందికి దించి, కాగితాలు ఇచ్చి కూర్చోబెట్టాను. నేను చెబుతున్నాను, అది రాస్తోంది. నాకు సంతకం పెట్టడం వచ్చు, అంకెలు వచ్చు, బస్సు బోర్డులు కూడబలుక్కుని చదువుతాను. అంతకుమించి రాదు. రెండో తరగతి సగంలో మా అమ్మ పలక లాక్కుని పత్తి తీతకు తీసుకుపోయింది, మళ్ళీ బడి గడప తొక్కలేదు. షారోను పదో తరగతి పరీక్షలు రాసి ఖమ్మం వైపు నుంచి నా దగ్గరకు పదిహేను రోజులు ఉండిపోదామని వచ్చింది. దాన్ని గుంటూరులో హాస్టలున్న కాలేజీలో వేయాలని వాళ్ళమ్మ అనుకుంటోంది. వాళ్ళమ్మ అంటే నా కూతురు సువార్తే. ఈ సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పాలి. వచ్చిన రోజు నుంచి పిల్ల, "అమ్మమ్మా, వెళ్ళనా వద్దా?" అని నా చుట్టూ తిరుగుతోంది. ఈ క్యారేజీ సంగతి విన్నాక అడగవే అన్నాను.

మాది పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్యనుండే ఊరు. నల్లరేగడి నేల. వాన పడితే కాలికి కిలో మట్టి అంటుకుంటుంది, ఎండ కాస్తే బీటల్లో చెయ్యి దూరుతుంది. మా పేటలో అందరమూ చర్చికి వెళ్ళేవాళ్ళమే, అందరమూ కూలికి వెళ్ళేవాళ్ళమే. నేనూ నా పెనిమిటీ కలిసి ఎకరం కౌలుకు పత్తి వేసేవాళ్ళం, మిగతా రోజులు కోటయ్య గారి చేలో పని. తెల్లారకముందే మా అత్త లేచేది. లేవగానే పొయ్యి రాజేసి, ఆ పొగలో కూర్చుని చుట్ట అంటించి, చుట్ట నోట్లో ఉండగానే కీర్తన పాడేది. పాటలో సగం దగ్గే. నీళ్ళు కాగేలోపు మా సువార్త పుస్తకం తీసుకుని ఆ పొయ్యి వెలుగుకే వచ్చి కూర్చునేది. ఒకవైపు పొగాకు వాసన, ఒకవైపు మూలనున్న మిరపకాయల ఘాటు, పిల్ల జుట్టుకు రాసిన ఆముదం వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఆ మూడూ కలిసి తగిలితే నా ముందు పుస్తకం పట్టుకున్న పిల్ల కూర్చున్నట్టే ఉంటుంది.

ఆముదం సంగతి చెప్పాలి. మిరపకాయలు కళ్ళంలో ఎండబోశాక మేం ఆడవాళ్ళం వరసగా కూర్చుని ముచ్చికలు తీసేవాళ్ళం, అంటే కాయకుండే తొడిమలు. తెల్లబడిన తాలు కాయలు ఏరి పక్కన పడేసేవాళ్ళం. సాయంత్రానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టుండేవి. నీళ్ళు పోసి కడిగితే మంట పోదు. సబ్బు పెట్టినా పోదు. ముందు ఆముదం బాగా పట్టించి, పిండి రుద్ది, ఆ తర్వాత కడగాలి. మా అత్త గూట్లో ఆముదం సీసా ఎప్పుడూ ఉండేది. నేను పనినుంచి రాగానే, "రాసుకోవే దీనమ్మా, రాసుకున్నాకే బిడ్డను ముట్టుకో" అనేది. ఆ మాట ఆమె రోజూ అంటుంది కాబట్టి నాకు వినబడేది కాదు.

నా పెనిమిటి పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. గాలి ఎదురు తిరిగింది. అది కోటయ్య గారి చేను కాబట్టి ఆయన కూడా మాతో గుంటూరు పెద్దాసుపత్రికి వచ్చాడు. ఆయన ఊళ్ళో పెద్ద ఆసామి. మేం ఎదురొస్తే చెప్పులు చేతబట్టుకోవాల్సిన రోజులు అప్పటికి పోయాయి గానీ, ఆయన కూర్చున్న అరుగు మీద మా పేటవాళ్ళు కూర్చోవటం మాత్రం ఇంకా లేదు. ఆసుపత్రి వరండాలో ఆయన బల్ల మీద, నేను కింద. అప్పుడు లోపలినుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. పిల్లే. మెడలో గొట్టం లేకపోతే ఇంటర్ చదివే పిల్లనుకుంటాం. కోటయ్య గారు దిగ్గున లేచి నిలబడి, కండువా తీసి చేత్తో పట్టుకుని, "అమ్మా, ఎలా ఉందమ్మా?" అన్నాడు. ఆమె ఆయన వంక చూడకుండా నా ముందు గొంతుక్కూర్చుంది. చేయగలిగింది చేశామని, ఇక లాభం లేదని, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆమె వెళ్ళాక ఆయా అంది, "ఆ పిల్లదీ మీలాంటి పేటేనమ్మా, తల్లి ఇప్పటికీ నాట్లకు పోద్ది."

నా పెనిమిటి పోయిన రోజు నేనేం చూశానని ఎవరైనా అడిగితే సిగ్గుపడకుండా చెబుతాను. కోటయ్య గారు లేచి నిలబడటం చూశాను. ఏడుస్తూనే చూశాను. మా సువార్తను చూసి కూడా ఈయన లేవాలి అనుకున్నాను. అది ఒట్టు పెట్టుకున్నట్టే. అప్పుడు సువార్త తొమ్మిదిలో ఉంది.

మా వైపు చదువుల పిచ్చి అప్పటికే మొదలైంది. ఆసాములు కళ్ళంలో బస్తాల మీద కూర్చుని, క్వింటాలు ధర ఎంతో మాట్లాడుకున్నంత గట్టిగా పిల్లల మార్కులు మాట్లాడుకునేవాళ్ళు. ఎవడి కొడుక్కి ఎంసెట్‌లో ఎంత ర్యాంకు వచ్చిందో మిరపకాయలు ఏరే మాకు కూడా నోటికి వచ్చేది. దారిలో ఎదురైతే, బాగున్నావా అనేకన్నా ముందు, "మీ అమ్మాయికి ఎన్నొచ్చినయ్?" అని అడిగేవాళ్ళు. పదో తరగతిలో మా పిల్లకు మండలంలో మొదటి మార్కులు వచ్చినప్పుడు నన్నూ అలాగే అడిగారు. చెప్పినప్పుడు నా మెడ ఎంత సాగిందో నాకు తెలుసు. మా పాస్టరుగారు ఉత్తరం రాసిచ్చాడు, ఖమ్మం వైపు మిషన్ బడిలో పంతులుగా ఉన్న మా యోహాను అన్నయ్య కొంత పంపాడు, మిగతాది నా రెక్కలు. గుంటూరులో హాస్టలున్న కాలేజీలో చేర్చాను. ఆ కాలేజీ ఇప్పుడు లేదు, పేరు చెప్పను.

అక్కడ పదిహేను రోజులకోసారి పరీక్ష. మార్కులు రాగానే సెక్షన్లు మారతాయి. సెక్షన్ మారితే గది కూడా మారుతుంది. పిల్ల పెట్టె నెత్తిన పెట్టుకుని, చాప చంకన పెట్టుకుని, అందరూ చూస్తుండగా కొత్త గదికి నడవాలి. ఆదివారం మేం తల్లిదండ్రులం క్యారేజీలు తీసుకుని వెళ్ళేవాళ్ళం. మాకోసం గేటు పక్కన పొడుగాటి రేకుల షెడ్డు వేశారు. ఎవరూ చెప్పకపోయినా ఆ షెడ్డులో తల్లిదండ్రులు కూడా సెక్షన్ల వారీగానే కూర్చునేవాళ్ళు. మొదటి సెక్షన్ పిల్లల వాళ్ళు గేటుకు దగ్గరగా, నీడ బాగా ఉన్నచోట. కడపటి సెక్షన్ వాళ్ళు ఆ చివర, మరుగుదొడ్ల వైపు. పిల్ల కిందికి పడితే ఆ వారం తల్లి కూడా గుడ్డ పరుచుకునే చోటు మార్చుకునేది. ముందు వైపు ఎవరూ మాట్లాడుకోరు. తల్లి ముద్దలు కలిపి పెడుతుంటే పిల్ల పుస్తకం చూస్తూ నోరు తెరుస్తుంది. కడపటి వైపు మాత్రం కూరలు మార్చుకునేవాళ్ళు, నవ్వుకునేవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండేది. పిల్ల వెనకబడితే నవ్వెలా వస్తుందని.

మొదటి ఏడు సగంలో సువార్త మొదటి సెక్షన్‌కు వచ్చింది. అంతకుముందు నేను సత్తు గిన్నెలో అన్నం మూటగట్టి తీసుకెళ్ళేదాన్ని. ఆ వారం చిలకలూరిపేటలో దిగి ఈ స్టీలు క్యారేజీ కొన్నాను. కొట్టువాడు పేరు కొట్టే ఉలి తీసుకుని అడిగాడు.

"పేరేంటమ్మా?"

"డాక్టర్ బి. సువార్త."

"ఏ ఆసుపత్రి?"

"ఇంకా చదవాల. ఇంటర్‌లో ఉంది."

అతను ఉలి కింద పెట్టాడు. "చదివినాక కొట్టించుకోరాదా తల్లీ? ఒకసారి కొడితే పోదు."

"పోకూడదనే కొట్టమంటన్నా. కొట్టు."

టిక్కుటిక్కుమని కొట్టాడు. నాకు సరిగా చదవటం రాకపోయినా ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసుకున్నాను. ఆదివారం దాన్ని పిల్ల ముందు పెడితే మూత వంక చూసింది. మూత తిరగేసి కింద పెట్టింది. సిగ్గుపడుతోందనుకున్నాను. తర్వాత తెలిసింది, మిగతా పిల్లలు దాన్ని చూసి, "డాక్టరమ్మగారూ, మాకు జొరమొచ్చింది" అని ఆడించేవాళ్ళట. సువార్త నాకు చెప్పలేదు. ఆ ఏడాదిన్నర నేను ఆదివారం ఆరాధనకు వెళ్ళలేదు. పాస్టరుగారు అడిగితే మా అత్తే సమాధానం చెప్పేది: "మా కోడలికి వేరే గుడి దొరికిందయ్యా."

రెండో ఏడు మొదలయ్యే ముందు వేసవిలో మా అన్నయ్య ఇంటికి వెళ్ళాం. వాళ్ళ వైపూ పత్తి చేలే, మిరప చేలే, కానీ మనుషుల తీరే వేరు. బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే పక్కింటి లచ్చమ్మ ఎదురొచ్చింది. "ఎన్నొచ్చినయ్?" అనలేదు. "బువ్వ తిన్నవా బిడ్డా? మొకమెందుకు గట్ల గుంజుకపోయింది?" అని సువార్త గడ్డం పట్టుకుంది. మా అన్నయ్య కూతురు రూతుదీ మా పిల్ల తరగతే. ప్రభుత్వ కాలేజీకి పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేది. వచ్చి బోరింగు దగ్గర నీళ్ళు కొట్టేది, మేకను కట్టేసేది, ఆ తర్వాత బుద్ధి పుడితే చదివేది. ఆ ఊళ్ళో ఎంసెట్ అంటే చాలామందికి తెలియదు. పంతులు చెబితే రాస్తారు, చెప్పకపోతే లేదు. మూడు వారాల్లో సువార్త బుగ్గలు నిండాయి. నీళ్ళ కాడ రూతుతో కలిసి అది పగలబడి నవ్వటం విని, ఎవరి పిల్లా అని బయటికొచ్చి చూశాను. నా పిల్లే.

తిరిగి వెళ్ళే రోజు దగ్గరపడ్డాక అన్నయ్య భోజనాల దగ్గర కదిపాడు.

"దీనా, పిల్లను ఇక్కడే ఉంచమ్మా. ఇక్కడ చదువుకుంటుంది."

"ఇక్కడ చదువుకుంటే పంతులమ్మవుద్ది."

"అయితే ఏం? నేను పంతుల్నే."

"నిన్ను చూసి ఎవరన్నా లేచి నిలబడ్డారా అన్నయ్యా?"

వదిన అన్నం వడ్డిస్తున్నదల్లా ఆగిపోయింది. అన్నయ్యకు కోపం రావడం తక్కువ, కానీ ఆ రోజు వచ్చింది. "మీ వైపు పిల్లల్ని మిరపకాయల్లా ఏరుతున్నారే. తాలువి ఒక కుప్ప, మంచివి ఒక కుప్ప. కడుపున పుట్టినోళ్ళను ఏరతారటే?"

"ఏరకపోతే మీ వైపు డాక్టర్లు ఏరీ? మీ ఊరి ఆసుపత్రిలో ఉన్న డాక్టరుది ఏ ఊరో కనుక్కో. మా తెనాలి పక్కనే."

అది నిజమే. లచ్చమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. "అక్కా, గామె నీ బిడ్డా, నీ శేనా? గంతగనం సతాయిస్తరా పోరిని?" అంది. ఆమె వైపు తిరిగి, "మా చేను సంగతి మేం చూసుకుంటాంలే" అన్నాను. మాట పెడసరంగా వచ్చింది. సువార్త కంచంలో చెయ్యి పెట్టి కదల్లేదు. మెల్లగా, "అమ్మా, నేను ఇక్కడుంటా" అంది. వినబడనట్టు లేచి చెయ్యి కడుక్కున్నాను. తెల్లారి బస్సెక్కించాను. గుంటూరు వచ్చేదాకా అది కిటికీలోంచి బయటికే చూసింది. నేను మాత్రం, పరీక్షలు కాగానే వాడరేవు తీసుకెళ్తానని, సముద్రం చూపిస్తానని చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఎవరికీ చెప్పలేదు. సువార్త కూడా ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు మాఘమాసం దాటాక అకాలంగా మబ్బు పట్టింది. కోటయ్య గారి కళ్ళంలో కాయలన్నీ ఆరబోసి ఉన్నాయి. తడిస్తే నల్లబడి పనికిరావు. ఆదివారమైనా చీకటితోనే మమ్మల్నందరినీ పిలిపించాడు. అంతకు ముందురోజు పొద్దుగూకేదాకా ముచ్చికలు తీశాం. ఆ తెల్లవారుజామున కాయలు ఎత్తి బస్తాలకు నింపాం. తొమ్మిది గంటల బస్సు పోతే మళ్ళీ మధ్యాహ్నమే. ఆ రోజు కాలేజీలో పెద్ద పరీక్ష. దాన్ని బట్టే కడపటి మూడు నెలలు ఎవరు ఏ సెక్షన్‌లో ఉండాలో తేల్చేస్తారని చెప్పారు. నేను సబ్బుతో రెండుసార్లు చేతులు రుద్ది, చీర మార్చి, క్యారేజీ పట్టుకుని పరిగెత్తాను. వెనకనుంచి మా అత్త, "ఆముదం రాసుకోవే" అని అరుస్తూనే ఉంది. "బస్సు పోద్ది అత్తా!" అన్నాను.

గుంటూరులో దిగేసరికి పరీక్షకు ఇంకా పావుగంట ఉంది. సువార్త షెడ్డులోకి రాగానే నా ఒళ్ళో తల పెట్టి ఏడవటం మొదలుపెట్టింది. ముందు వైపు కూర్చున్న తల్లులంతా చూస్తున్నారు.

"అమ్మా, నావల్ల కావట్లేదే. చదివింది చదివినట్టే పోతంది. నన్ను మామయ్య దగ్గర దించు."

"నోర్ముయ్. అందరూ చూస్తన్నారు. ఇంకో మూణ్ణెల్లు."

"నాకు డాక్టర్ వద్దే."

"నీకొద్దో కావాలో తర్వాత చూద్దాం. ముందు ఏడుపాపు. కళ్ళు తుడుచుకుని పోయి రాయి."

అది తుడుచుకోలేదు. నేనే తుడిచాను. రెండు అరచేతులతో, గట్టిగా, రెండు కళ్ళూ తుడిచాను.

ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత పిల్ల కెవ్వుమంది. కళ్ళు మూసుకుని గుండ్రంగా తిరిగింది. నా చేతుల్ని చూసుకుని నేను నిలబడిపోయాను. నీళ్ళు పోస్తే ఇంకా మండుతుందని తెలుసు. క్యారేజీలో మజ్జిగన్నం ఉంది, దాని మీది మజ్జిగ గుడ్డలో ముంచి అద్దుతుంటే గంట కొట్టారు. వాచ్‌మన్ వచ్చి, "గంటయింది, పిల్లలు లోపలికి, పెద్దలు బయటికి" అన్నాడు. "అయ్యా, పిల్ల కళ్ళలో కారం పడింది, ఒక్క నిమిషం" అన్నాను. "గేటేస్తే మళ్ళీ తియ్యరమ్మా, నా ఉద్యోగం పోద్ది" అన్నాడు. అతని తప్పేం లేదు. సువార్త నా చెయ్యి విదిలించుకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి తడుముకుంటూ లోపలికి వెళ్ళింది. తిరిగి చూడలేదు. చూసే కళ్ళు దానికి లేవు.

ఆ హాలుకు రోడ్డు వైపు కిటికీలున్నాయి. నేను బయటినుంచి గోడ వెంట నడిచి, మొక్కల్లో నిలబడి చూశాను. ఎడమ చేత్తో మజ్జిగ గుడ్డ ఎడమ కంటికి అదిమిపెట్టుకుని, కుడి కన్ను సగం తెరిచి, కాగితం మీదికి ముక్కు ఆనేంతగా వంగి రాస్తోంది. మధ్య మధ్య తల ఎత్తి గాలి పీల్చుకుని మళ్ళీ వంగుతోంది. మూడు గంటలు అది రాసింది, మూడు గంటలు నేను నిలబడ్డాను. నా చేతులు కూడా మండుతున్నాయి. మండనీ అనుకున్నాను. బయటికొచ్చాక లెక్చరర్ అడిగితే, "కళ్ళకలకండి" అని చెప్పింది. నా వైపు చూడకుండా చెప్పింది.

దాంతో అది కడపటి సెక్షన్‌లో పడింది. పెట్టె మోసుకుని ఆ చివరి గదికి నడిచింది. మరుసటి ఆదివారం నేనూ షెడ్డులో ఆ చివరికి వెళ్ళాను. వెళ్ళేముందు ఆముదం పట్టించాను. అక్కడి తల్లులు జరిగి చోటిచ్చారు. ఒకామె గోంగూర వేసింది, ఇంకొకామె అడక్కుండానే ఎండుచేపల కూర వేసింది. ఆ రోజు నేను కూడా ఏదో మాటకు నవ్వాను. నవ్వాక ఉలిక్కిపడ్డాను. సువార్త నన్నే చూస్తోంది.

ఎంసెట్ రాసింది. ర్యాంకు వచ్చింది, సీటుకు అందలేదు. చాలా కొద్దిలో పోయిందన్నారు. ఊళ్ళో ఆసాములు కూడా, "దీనమ్మా, ఇంకో ఏడాది లాంగ్‌టర్మ్‌లో కూర్చోబెట్టు, తప్పకుండా వస్తుంది" అన్నారు. మా వైపు అది మామూలు. ఒకేడు కాకపోతే రెండేళ్ళు, రెండు కాకపోతే మూడు. నేనూ సిద్ధపడ్డాను. ఆ సంగతి చెబుదామనే, మాట ఇచ్చినట్టు దాన్ని వాడరేవు తీసుకెళ్ళాను.

మధ్యాహ్నం ఎండ. ఇసుక మీద వలలు పరిచి చేపలు ఎండబెట్టారు. ఆడవాళ్ళు వాటిని తిరగేస్తున్నారు, పాడైనవి ఏరి పక్కన పడేస్తున్నారు. సువార్త వాళ్ళను చాలాసేపు చూసింది. తర్వాత నీళ్ళలోకి వెళ్ళి మోకాళ్ళ లోతున నిలబడి నన్ను పిలిచింది.

"అమ్మా, నేను లాంగ్‌టర్మ్‌కు పోను."

"పోవాల."

"పోను. నువ్వు కొట్టినా పోను, తిండి పెట్టకపోయినా పోను. ఆ రోజు ఒక్క కన్నుతో రాశాను చూడు, అది నీ కోసం రాశా. అంతటితో అయిపోయింది. ఇక నా రెండు కళ్ళూ నావి."

ఎప్పుడూ గొంతెత్తని పిల్ల. అల చప్పుడులో కూడా ప్రతి మాటా వినబడేట్టు చెప్పింది. నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. చెయ్యి లేచింది. లేచిన చేతిని చూసి అది కళ్ళు గట్టిగా మూసుకుంది. దెబ్బకు భయపడే పిల్ల కాదు అది. నా అరచేతికి భయపడింది. చెయ్యి దించి నీళ్ళలో పెట్టాను. ఉప్పునీళ్ళు ముచ్చికల గాట్లకు తగిలి చురుక్కుమంది. చాలాసేపు అలాగే ఉంచాను. ఇంటికొచ్చే దారిలో కోటయ్య గారు ఎదురొచ్చి, "ఏమ్మా, లాంగ్‌టర్మేనా?" అన్నాడు. నేను ఆగకుండానే, "కాదు. వాళ్ళ మామయ్య దగ్గరకు" అన్నాను.

అది అక్కడే బీయస్సీ చదివింది, బీయీడీ చదివింది, ప్రభుత్వ బడిలో బయాలజీ పంతులమ్మ అయింది, అక్కడి అబ్బాయినే చేసుకుంది. ఒకసారి వాళ్ళ బడికి వెళ్ళాను. అది తరగతిలోకి అడుగుపెట్టగానే అరవైమంది పిల్లలు ఒక్కసారి లేచి నిలబడ్డారు. వరండాలో నిలబడి చూశాను. కోటయ్య గారు లేచి నిలబడ్డట్టు కాదు అది. పిల్లలు నవ్వుతూ లేచారు. నేను కోరుకున్నది అది కాదు, కానీ చూస్తూ ఉండిపోయాను. డాక్టర్ కావాలని కోరుకున్నందుకు నేను ఈనాటికీ బాధపడను. మా పేటలో పుట్టిన పిల్లకు అది కోరుకోవటం తప్పు కాదు. నా చేతుల సంగతి వేరు.

విచిత్రం ఏంటంటే, ఇప్పుడు ఆ వైపూ ఈ వైపూ ఒకటే అయింది. అప్పట్లో బువ్వ తిన్నావా అని అడిగిన లచ్చమ్మ, ఈమధ్య నేను వెళితే, "అక్కా, నీ మనుమరాలికి ఎన్నొచ్చినయ్? మా మనుమడిని హాస్టల్ల ఏసినం" అంది. రూతు కొడుకు కూడా హాస్టల్లోనే. ఆ ఊరి పిల్లలందరికీ రంగురంగుల యూనిఫారాలు. సాయంత్రం నీళ్ళ కాడ నవ్వులు లేవు, నీళ్ళు కొళాయిలో వస్తున్నాయి, పిల్లలు ఊళ్ళో లేరు. మా వైపు గాలే అక్కడిదాకా వీచింది. ఆ గాలిలో నా ఊపిరి కూడా కొంత ఉంది.

ఇదంతా విన్నాక షారోను కలం కింద పెట్టింది. చాలాసేపు క్యారేజీ మూతను గోటితో గీకింది.

"అమ్మమ్మా, నేను ఇంటి దగ్గర్నుంచే కాలేజీకి వెళ్తా. డాక్టర్ చదువుతానేమో, చదవనేమో. హాస్టల్‌కి మాత్రం వెళ్ళను. అమ్మతో నువ్వు చెప్తావా?"

"నేను చెప్తా. ముందు నీ మాట నువ్వే చెప్పు, ఆమె అరిస్తే అప్పుడు నేను అందుకుంటా."

ఫోన్ చేశాం. సువార్త అరిచింది. నేను అందుకున్నాను.

"ఏమే, అప్పుడు నన్ను కాదన్నదానివి, ఇప్పుడు నీకేం వచ్చింది?"

"అప్పుడు ఇక్కడ మామయ్య వాళ్ళ ఊళ్ళో పంపేవాళ్ళే లేరమ్మా. ఇప్పుడు పంపనిదాన్ని నేనొక్కదాన్నే అవుతాను. రేపు పిల్ల వెనకబడితే నన్నే అడుగుద్ది."

"అడగనీ. అడిగితే చెప్పు, నీ రెండు కళ్ళూ నీకు ఉంచానని చెప్పు."

ఇన్నేళ్ళలో ఆ ఆదివారం సంగతి మేమిద్దరం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

"సువార్తా, ఆ రోజు నేను ఆముదం రాసుకుని రావాల్సిందే" అన్నాను.

"బస్సు పోయేది కదమ్మా" అంది. మళ్ళీ తనే, "అయితే ఆ క్యారేజీ ఇంకా ఉందా?" అంది.

"ఉంది. డాక్టర్ అని అట్నే ఉంది. పోదని ఆ కొట్టువాడు ఆనాడే చెప్పాడు."

"షారోనుకిచ్చి పంపు. కాలేజీకి ఇంటినుంచి అన్నం పట్టుకెళ్తది."

షారోను మళ్ళీ కలం అందుకుని ఇది కూడా రాస్తోంది. నేను ఇందాకటినుంచి క్యారేజీకి చింతపండు పట్టించి తోముతున్నాను. లోపలి గిన్నె అంచున చిన్న సొట్ట ఉంది, మిగతాదంతా బాగుంది. నిన్న కూడా కోటయ్య గారి మనవడి కళ్ళంలో కాసేపు కూర్చుని ముచ్చికలు తీశాను, ఊరికే కూర్చోవటం నాకు చేతకాదు. అందుకని ముందు రెండు చేతులకూ మోచేతుల దాకా ఆముదం పట్టించి, పిండి రుద్ది, కడిగి, షారోను ముక్కు దగ్గర పెట్టి వాసన చూడమన్నాను. ఘాటు లేదంది. ఆ తర్వాతే క్యారేజీ ముట్టుకున్నాను.